పుచ్చని పంగకర్ర

నాన్ పువాన్ గురించి ఎవరినడిగినా ముందు ఆయన చేతిరాత సంగతి చెబుతారు. నేను మాత్రం ఆయన తిండి సంగతి చెబుతాను, ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే ఆయనకు తిండి పెడుతున్నది నేనే. గుడి గేటుకు ఎదురుగా నా కొట్టు. బియ్యపు సేమ్యా మీద ఎర్ర పులుసు పోసి ఇస్తాను. పులుసులో పంది నెత్తురు ముక్కలు, ఎండబెట్టిన బూరుగు పూల కేసరాలు వేస్తాను. ఆయన గిన్నె దగ్గరకు లాక్కుని, తల ఎత్తకుండా తిని, చివరి చుక్కదాకా తాగి లేస్తాడు. బాగుందనడు, బాలేదనడు. ఒకసారి ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. అప్పుడూ అంతే.

"ఉప్పు లేదని ఒక మాట చెప్పొచ్చుగా నాన్?" అన్నాను.

"నువ్వే చూసుకుంటావులే అనుకున్నా" అన్నాడు.

అలాంటి మనిషి. ఒక్కోసారి నెత్తిన గరిట పెట్టి కొట్టాలనిపించేది.

మా వైపు కొన్నాళ్ళు భిక్షువుగా ఉండి, కాషాయం విడిచి సంసారంలోకి వచ్చినవాణ్ణి నాన్ అని పిలుస్తారు. చచ్చేదాకా ఆ మాట పేరుకు అతుక్కుని ఉంటుంది. పువాన్ అమ్మానాన్నలు పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూలీలు. ఏడుగురు పిల్లల్లో ఐదోవాణ్ణి పదకొండో ఏట తీసుకొచ్చి గుడిలో వదిలారు, అక్కడైతే కడుపు నిండుతుందని. అక్కడే పదహారేళ్ళు ఉన్నాడు. మా పాత లిపి నేర్చుకున్నాడు, తాటాకు మీద గంటంతో రాయడం నేర్చుకున్నాడు, ఖాళీ ఉన్నప్పుడు వడ్రంగం కూడా నేర్చుకున్నాడు. అప్పటి పెద్ద స్వామి తన తర్వాత గుడి ఇతనిదే అని మనసులో అనుకున్నారట. బువాజూమ్ అడ్డొచ్చింది.

బువాజూమ్ నీలిమందు అద్దకం చేసేది. మోచేతులదాకా నీలం. రోజూ తెల్లవారుజామున గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని భిక్ష వేసేది. ఆయన పాత్రలో జిగురన్నం ముద్దలన్నీ తెల్లగా ఉంటే, ఒక్క ముద్ద మీద మాత్రం నీలి వేలిముద్రలు ఉండేవని ఊరంతా నవ్వుకునేది. ఆ ముద్ద ముందు తింటాడా, చివర తింటాడా అని మా అమ్మావాళ్ళు పందేలు వేసుకున్నారట. ఇరవై ఏడో ఏట కాషాయం విడిచి ఆమెను చేసుకున్నాడు. గుడిని మాత్రం వదల్లేదు. పూజలప్పుడు ఊరి తరఫున మంత్రాలు చెప్పేదీ, పేర్లు రాసేదీ, చెట్టును చూసుకునేదీ ఆయనే అయ్యాడు.

చెట్టంటే గుడి ఆవరణలో ఉన్న పెద్ద రావి. ఎంత పాతదో ఎవరికీ తెలియదు. పదకొండు మంది చేతులు చాచి పట్టుకుంటే గానీ మొదలు చుట్టిరాదు. ఫ్రే పట్నం నుంచి వచ్చే బస్సువాళ్ళు మా ఊరి పేరు పలకరు, "రావి దగ్గర దిగేవాళ్ళు లేవండి" అని కేకేస్తారు. కొత్తవాళ్ళు దిగి ముందు చెట్టును చూడరు, కర్రలను చూస్తారు. కొమ్మల కింద నాలుగైదు వందల పంగకర్రలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కో కర్ర మీద ఒక్కో మనిషి పేరు. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మూడో రోజున, ఆయుష్షు కావాల్సినవాళ్ళ పేరిట అడవి నుంచి పంగ ఉన్న కర్ర కొట్టుకొచ్చి, తోలు తీసి, పసుపూ శీకాయా కలిపిన నీళ్ళతో కడిగి, వెండి రంగు పూసి, డప్పులతో ఊరంతా తిప్పి, రావి కొమ్మకు ఊతంగా పెడతారు. చెట్టును నువ్వు నిలబెట్టు, చెట్టు నిన్ను నిలబెడుతుంది. ఇంతే శాస్త్రం.

ఆ శాస్త్రం వెనక ఒక కథ ఉంది. బర్మా సైన్యం వచ్చిన కాలంలో మా ఊరిని ఊరంతా బందీలుగా తోలుకుపోయారట. నడవలేని ముసలమ్మ ఒక్కతే మిగిలిందట. అప్పుడే పెద్ద గాలివాన వచ్చి రావి కొమ్మలు వాలిపోతుంటే, పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకుంటూ ఒక్కో కర్ర పాతి కొమ్మలను ఆపిందట. కర్ర నిలిచినవాళ్ళంతా ఏళ్ళ తర్వాత నడిచి వచ్చారట. కర్ర పడిపోయినవాళ్ళు రాలేదట. ఎంతమంది వచ్చారంటే మాత్రం చెప్పేవాళ్ళను బట్టి ఉంటుంది. మా నాన్న నలభై అనేవాడు. తాగి ఉంటే అరవై. అందుకే దూరం వెళ్ళేవాళ్ళకు మా ఊళ్ళో తప్పకుండా కర్ర పెడతారు. కర్ర నిలిచి ఉన్నంతకాలం మనిషి ఉన్నట్టే. కర్రను చేత్తో తియ్యకూడదు, దానంతట అది పడాలి.

నాన్ పువాన్‌కూ బువాజూమ్‌కూ ఒక్కడే కొడుకు, ఇన్‌సోన్. నవ్వు మొహం పిల్లాడు, తండ్రికి పూర్తి వ్యతిరేకం. నా కొట్లో తింటే ఆ గిన్నె గురించి పావుగంట మాట్లాడేవాడు. ఇరవై రెండో ఏట దక్షిణాన సముద్రం మీద చేపల ఓడ ఎక్కుతానన్నాడు. తల్లి ఏడ్చింది, తండ్రి ఏమీ అనలేదు. ఆ ఏప్రిల్‌లో వాడి పేరిట వేగిస కర్ర పెట్టారు. వాడే స్నేహితులతో వెళ్ళి కొట్టుకొచ్చాడు. ఎర్రటి చేవ, ఇద్దరు మోస్తే గానీ లేవలేదు. తూర్పు కొమ్మ కింద నిలబెట్టాక దాని మీద వాడి పేరు నాన్ రాశాడు. ఇది పదకొండేళ్ళ కిందటి మాట.

రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి. ఏదో రేవులో దిగినప్పుడు, రెండు నెలలకో మూడు నెలలకో. మూడో ఏడు ఎండాకాలంలో ఆగిపోయాయి. ఓడవాళ్ళకు రాయిస్తే, మీవాడు ఒక రేవులో చెప్పకుండా దిగిపోయాడు, మాకు తెలియదు అని నాలుగు ముక్కలు రాసి పంపారు. బువాజూమ్ ఆ కాగితం నాకు చూపించింది. నాన్ చూపించలేదు. మర్నాడు వచ్చి సేమ్యా తిని వెళ్ళాడు. చెప్పొద్దూ, నాకు అసహ్యం వేసింది. మనిషన్నాక ఒక్క కన్నీటి బొట్టయినా ఉండొద్దా అనుకున్నాను.

అదే ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం. కుండపోత. గిరాకీ లేదు. గుడిలో స్వాములు కునుకు తీస్తున్నారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని గేటులోంచి చూస్తున్నాను. నాన్ పువాన్ తూర్పు కొమ్మ కింద ఉన్నాడు. ఇన్‌సోన్ కర్ర నేల మీద పడి ఉంది. అడుగు పుచ్చి విరిగిపోయింది. చేవ కర్ర అంత త్వరగా పుచ్చదు, ఏ లోపమో ముందే ఉండి ఉంటుంది. ఆయన దాన్ని ముక్కలు చేసి గోనెలో కట్టాడు. దాని చోట ఇంకొకటి ఎత్తి పెట్టాడు. వెండి రంగు అప్పటికే పూసి ఉంది, పేరు అప్పటికే రాసి ఉంది. అంటే ఆ కర్ర పుచ్చుతోందని ముందే చూసి, ఇంటి దగ్గర తయారు చేసుకుని, అది పడేరోజు కోసం చూస్తున్నాడన్నమాట. గోనె భుజాన వేసుకుని గేటు దాటుతూ నన్ను చూశాడు. నేను గరిట తిప్పుతూనే ఉన్నాను. ఇద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మా ఊళ్ళో ఎవరూ పంగకర్ర ఒంటరిగా కొట్టుకురారు. డప్పులుంటాయి, నలుగురు సాయం ఉంటారు, ఏ చెట్టు కొట్టారో ఊరంతా తెలుస్తుంది. దొంగచాటుగా కర్ర కావాలంటే ఆయనకు ఉన్నది పెరట్లో మామిడి చెట్టొక్కటే. మామిడి చెదపురుగులకు విందు. ఆయన వడ్రంగి, ఆ మాత్రం తెలియక కాదు. ఆ తర్వాత మూడేళ్ళకోసారి వాళ్ళ మామిడికి ఒక పెద్ద కొమ్మ తగ్గేది. బువాజూమ్‌తో "ఎండ తగలాలని కొట్టాను" అనేవాడట.

ఏళ్ళు గడిచాయి. ఇన్‌సోన్ కర్ర తర్వాత పెట్టిన వేరేవాళ్ళ కర్రలు కూడా కూలిపోయాయి. ఇన్‌సోన్ కర్ర మాత్రం నిలిచే ఉంది. ముందు బువాజూమ్ చూసింది, తర్వాత ఊరు చూసింది. పుచ్చని కర్ర అని పేరొచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళు జబ్బు చేసిన పిల్లల చొక్కాలు తెచ్చి దానికి తాకించి పట్టుకుపోయేవారు. కొందరు దాని మీద పౌడరు రుద్ది, తేలిన గీతల్లో లాటరీ నంబర్లు వెతుక్కునేవారు. ఒకాయనకు నిజంగానే తగిలింది, మొక్కుగా ఒక పంది తలకాయ తెచ్చి పెట్టాడు. వచ్చినవాళ్ళంతా నా కొట్లో తినేవారు. నేను రెండు బల్లలు ఎక్కువ వేశాను. అబద్ధమని తెలిసి నోరు మూసుకుని ఉండడం నాకేమీ కష్టం కాలేదు, ఆ మాట ఒప్పుకుంటాను.

బువాజూమ్‌కు అది వేరే సంగతి. రోజూ సాయంత్రం వచ్చి ఆ కర్ర అడుగున నీళ్ళు పోసి, కాసేపు కూర్చుని వెళ్ళేది. ఏటా వానలు తగ్గాక మా గుడిలో పోయినవాళ్ళ పేరిట అన్నం బుట్టలు ఇస్తాం. బుట్ట మీద ఉన్న తాటాకు చీటీలో ఎవరి పేరుంటే వాళ్ళకే అది చేరుతుంది. పేరు రాయకపోతే ఆ మనిషికి అవతల తిండి ఉండదు. బువాజూమ్ వాళ్ళ అమ్మకు ఇచ్చేది, అత్తమామలకు ఇచ్చేది. మొదట్లో ఎవరో ముసలావిడ మెల్లిగా అంది: "ఇన్‌సోన్‌కి కూడా ఒకటి ఇవ్వకూడదటే తల్లీ?" బువాజూమ్ ఆవిడ వైపు చూడకుండా బుట్టకు ఆకు సర్దుతూ, "బతికున్నవాడికి పిండం పెట్టమంటావా పిన్నీ? వాడి కర్ర నువ్వు చూడలేదా?" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నాన్ పక్కనే కూర్చుని ఎవరి పేరో రాస్తున్నాడు. గంటం ఆగలేదు.

ఒక్కసారి మాత్రం నాతో కొంచెం మాట్లాడాడు. రెండోసారి కర్ర మార్చిన ఏడు అనుకుంటాను. "పదహారేళ్ళు అనిత్యం అని చదివాను సెంగ్‌లా" అన్నాడు. "చదవడానికి బాగానే ఉంటుంది." అని గిన్నె పక్కకు నెట్టి వెళ్ళిపోయాడు. ఆయనకు బాధ లేదనుకోవడం అప్పుడు మానేశాను. బాధ ఉన్న చోట ఆయనకే తగలడం లేదు, అంతే. పంటి డాక్టరు మత్తుమందు ఇచ్చాక బుగ్గ ఉంటుందే, అలా.

ఈ ఏడు వానలు తగ్గుతున్న రోజుల్లో తూర్పు కొమ్మ పెటిల్లుమంది. విరగలేదు, నిలువునా చీలింది. పెద్ద స్వామి జిల్లా కేంద్రం నుంచి చెట్ల వైద్యం తెలిసిన అమ్మాయిని పిలిపించారు. జీన్స్ ప్యాంటు, జేబులో చిన్న సుత్తి. చెట్టుకు దణ్ణం పెట్టాకే చెయ్యి వేసింది, అందుకు ముసలాళ్ళకు నచ్చింది. రెండు రోజులు తట్టి, విని, నిచ్చెనెక్కి చూసింది. కొమ్మ లోపలంతా చెద తినేసిందని చెప్పింది. మొదలుదాకా ఇంకా రాలేదు, కొమ్మ కోసేసి దారి మూసేస్తే చెట్టు బతుకుతుందంది. చెట్టుకు ఆనించి ఉన్న కర్రలన్నీ తీసేసి ఇనప స్తంభాలు పెట్టాలంది.

మూడో రోజు పొద్దున ఊరంతా చెట్టు కింద చేరింది. నేను కూడా పొయ్యి ఆర్పి వెళ్ళాను.

"ఇనుముకు ఆయుష్షేంటమ్మా?" అన్నాడు మా వీధి చివరి తాత ఒకాయన. "ఇనుముకు పేరు రాస్తే మనకు తుప్పు పడుతుందా?"

కొందరు నవ్వారు. పెద్ద స్వామి నవ్వలేదు. "చెట్టు పోతే కర్ర దేనికి ఆనిస్తావు?" అన్నారు. తానే దగ్గరుండి మంత్రం చెప్పి తీయిస్తే దోషం ఉండదన్నారు. ఒక్కొక్కరూ తల ఊపారు.

అప్పుడు బువాజూమ్ లేచింది. తగాదా పెట్టుకునే మనిషి కాదు. చేతులు జోడించి మెల్లిగానే అంది: "అందరివీ తియ్యండి స్వామీ. మావాడిదొక్కటీ ఉంచండి. అది పుచ్చలేదు. పదకొండేళ్ళుగా పుచ్చని దానికి చెద ఎలా పడుతుంది?"

ఆ అమ్మాయి మొహమాటపడింది. నేల చూసింది, స్వామిని చూసింది. "అమ్మా, చెద వచ్చిందే దీని దారిన" అంది. "ఇదిగో చూడండి, మట్టి గొట్టం. అడుగు నుంచి పంగదాకా, పంగ నుంచి కొమ్మలోకి." వేళ్ళతో తట్టింది. డొల్ల మోత వచ్చింది. "లోపల ఏమీ లేదమ్మా. రంగు ఒక్కటే నిలబడి ఉంది. మామిడి కర్ర ఎక్కువ రోజులు ఆగదు."

"మామిడి కాదమ్మాయ్" అంది బువాజూమ్. "వేగిస. మావాడే కొట్టుకొచ్చాడు. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది చూశారు."

ఆ అమ్మాయికి ఏం తెలుసు పాపం. జేబులోంచి చాకు తీసి వెండి రంగు గీకింది. కింద ఎర్రగా లేదు. పాలిపోయిన మామిడి చెక్క.

ఎవరూ నాన్ పువాన్ వైపు చూడలేదు, చూడనవసరం లేదు. ఆ పేరు ఆ లిపిలో రాయగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

ఆయన జనంలోంచి ముందుకొచ్చాడు. "నేను పెట్టిందే" అన్నాడు. "ఇది మూడోది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను, అలా చేసినా నేను ఆపేదాన్ని కాదు. ఆమె ఒక్కటే అడిగింది.

"మొదటిది ఎప్పుడు పడింది?"

"ఫోన్లు ఆగిన ఏడు. వానలు మొదలైన నెల, పున్నమి వెళ్ళిన ఐదో రోజు."

ఇంత చక్కగా తిథితో సహా గుర్తుపెట్టుకున్నాడు. ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టింది. నీలం అద్దకం మానేసి చాలా కాలమైంది గానీ గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. లెక్క అయ్యాక భర్త వైపు తిరిగింది.

"ఎనిమిదేళ్ళు" అంది. "ఎనిమిదేళ్ళు వాడికి అన్నం పెట్టనివ్వలేదు నువ్వు."

గొంతు పెంచలేదు. ఎండు మిరపకాయలు ఉన్నాయా అని నన్ను అడిగే గొంతుతోనే అంది. నువ్వు తట్టుకోలేవనుకున్నాను అని నాన్ చెప్పాలనుకున్నాడేమో. చెప్పినా అప్పుడు అది ఎందుకూ పనికొచ్చేది కాదు. నిజం తెలిస్తే భార్య చచ్చిపోతుందని భయపడ్డాడు గానీ, కొడుకు అవతల ఆకలితో కూర్చుని ఉంటాడని ఆయనకు తట్టలేదు. ఊళ్ళో అందరి పోయినవాళ్ళకూ చీటీలు రాసిన మనిషికి అది తట్టలేదు. నాకూ తట్టలేదు, పైగా నేను బల్లలు వేసుకుంటూ కూర్చున్నాను.

పెద్ద స్వామి మంత్రం చెప్పారు. కర్రలు తీయడం మొదలుపెట్టారు. ఇన్‌సోన్ కర్ర తియ్యడానికి ఎవరూ చెయ్యి వెయ్యకపోతే నాన్ తానే వెళ్ళి పట్టుకున్నాడు. చేతిలోనే పొడి అయిపోయింది. ఎత్తాల్సిన బరువు లేదు. అరచేతులు పంచెకు తుడుచుకుని పక్క కర్ర దగ్గరకు వెళ్ళాడు. సాయంత్రందాకా మిగతావాళ్ళతో కలిసి పనిచేశాడు. తూర్పు కొమ్మ రంపంతో కోస్తుంటే తాడు పట్టుకున్నది కూడా ఆయనే.

తర్వాత రోజుల్లో ఊరు రెండు ముక్కలైంది. పౌడరు రుద్దినవాళ్ళు మోసం మోసం అన్నారు. పంది తలకాయ పెట్టినాయన మాత్రం, నంబరు తగిలింది కదా, మామిడైతేనేం అన్నాడు. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో వండుకున్నది తిన్నారు. ఆమె ఆయనతో మాట్లాడడం మానలేదు. నీళ్ళు తోడావా, పెంకు జారింది చూడు, ఇలాంటి మాటలే. ఆయన పొద్దున్నే వచ్చి నా దగ్గర సేమ్యా తింటున్నాడు. నేను రుచి అడగడం మానేశాను.

బుట్టల పండగ రెండు వారాల్లోనే వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం సాయం చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. బువాజూమ్ వసారాలో కూర్చుని బుట్టలకు అరటాకు పరుస్తోంది. వాళ్ళ అమ్మకు ఒకటి, అత్తమామలకు రెండు. పక్కన వరసగా ఇంకో ఎనిమిది. ఏడాదికొకటి. బియ్యం, ఉప్పు, ఎండు మిరపకాయలు, పులియబెట్టిన సోయా బిళ్ళలు, సిగరెట్లు, వాడికిష్టమని వేయించిన పందితోలు పొట్లాలు. పెరట్లో మామిడి చెట్టు మోడులా నిలబడి ఉంది.

నేను కూర్చుని పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె తలెత్తకుండా అడిగింది.

"నీకు తెలుసా సెంగ్‌లా?"

"తెలుసు వదినా."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచే. వానలో చూశాను."

ఆమె ఒక ఆకు మడత పెట్టి, వెదురు పుల్ల గుచ్చింది. "ఆ ఉప్పు ఇటివ్వు" అంది. ఇచ్చాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ తిట్టలేదు.

నాన్ పువాన్ మెట్ల దగ్గర తాటాకులు ముందేసుకుని కూర్చున్నాడు. ఊరందరి చీటీలూ అప్పటికే రాసి పంపేశాడు, సొంతింటివి చివరకు మిగిలాయి. అత్తగారివి, అమ్మానాన్నలవి రాసి మసి రుద్ది ఆరబెట్టాడు. తర్వాత ఎనిమిదీ రాశాడు. రాయడం అయ్యాక తెచ్చి భార్య పక్కన పెట్టాడు. ఆమెకు ఆ లిపి రాదు, ఏ లిపీ రాదు.

"చదువు" అంది.

ఆయన మొదటి ఆకు తీశాడు. "చనిపోయిన ఫా గారికి, కూతురు బువాజూమ్ ఇస్తున్న అన్నం." అది వాళ్ళమ్మది. తర్వాత రెండూ చదివాడు. చనిపోయిన ఫలానా వారికి, చనిపోయిన ఫలానా వారికి. నాలుగో ఆకు తీశాడు.

"ఇన్‌సోన్‌కి, అమ్మా నాన్నా ఇస్తున్న అన్నం."

"మళ్ళీ చదువు."

మళ్ళీ అదే చదివాడు. ఆమె బుట్ట పక్కన పెట్టింది.

"మా అమ్మకు ముందొక మాట చెప్పావు. వీడికి చెప్పలేదే?"

ఆయన చేతిలో ఆకు నా పక్కనే ఉంది, చూశాను. పేరుకు ముందు ఆ మాట పట్టేంత ఖాళీ ఉంది. ఎనిమిది ఆకుల మీదా అంతే ఖాళీ వదిలాడు. పొరపాటున వదిలింది కాదు.

"రేపు స్వామి ఈ ఆకు చదివి వాడిని ఎటు పిలవాలి నాన్?" అంది. "ఉన్నవాళ్ళలోనా, పోయినవాళ్ళలోనా? అన్నం పట్టుకుని ఎవరిని వెతుక్కోవాలి?"

ఆయన గంటం చేతిలోకి తీసుకుని ఆకు మోకాలి మీద పెట్టుకున్నాడు. గంటం మొన ఆకు మీద ఆనింది గానీ గీత పడలేదు. ఆకు జారిపోతోంది. ముప్పై ఏళ్ళలో ఆయన గంటం ఆగడం నేను అప్పుడే చూశాను.

బువాజూమ్ జరిగి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆకు రెండో కొస రెండు వేళ్ళతో పట్టుకుని బిగించింది.

"రాయి" అంది.

రాశాడు. ఎనిమిదీ అయ్యేదాకా ఆమె ఆకు కదలకుండా పట్టుకునే ఉంది.